ఉల్లిపొర రంగు వచ్చిన ఏడు

మొన్న మా పక్క ఫ్లాట్‌లోకి కొత్తగా దిగిన కుర్ర దంపతులు గోడలకి రంగులు వేయించుకుంటూ ఫోన్‌లో ఒక బొమ్మ తెచ్చి నాకు చూపించారు. ఈ సంవత్సరపు రంగు ఇదేనట, ఎక్కడ చూసినా ఇదే వేస్తున్నారట. నాకు నవ్వు ఆగలేదు. పాపం, వాళ్లు చిన్నబుచ్చుకున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. నేను నవ్వింది మిమ్మల్ని చూసి కాదమ్మా. ఆ 'ఈ సంవత్సరపు రంగు' అనే మహాతల్లిని చేతిసంచిలో పెట్టుకుని తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఊరేగించినవాణ్ణి నేను. దాని పుణ్యమా అని ఉద్యోగం ఊడగొట్టుకోబోయాను. మళ్లీ ఎలా నిలబెట్టుకున్నానో చెబితే మీరూ నవ్వుతారు.

అరవైలు అయిపోవస్తున్న రోజులు. ఒక రంగుల కంపెనీకి తెనాలిలో చిన్న డిపో ఉండేది. డిపో అంటే మీరేదో ఊహించుకునేరు. స్టేషనుకి కూతవేటు దూరంలో ఒక రేకుల షెడ్డు, దాని ముందు ఒక గది, గదిలో ముగ్గురం. మేనేజరు గారు రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. చాలా మంచివాడు, అంతకన్నా ఎక్కువ భయస్థుడు. మద్రాసు నుంచి టెలిగ్రాం వచ్చిందంటే విప్పకముందే కుర్చీ చూసుకుని కూర్చుని, ఒక పట్టు ముక్కుపొడుం పీల్చి, అప్పుడు విప్పేవారు. రెండోవాణ్ణి నేను, సేల్స్‌మన్‌ని. డిగ్రీ చేతబట్టుకుని చాలాకాలం ఖాళీగా తిరిగి, మా నాన్న చేత పూటపూటా అక్షింతలు వేయించుకుని, ఎలాగో ఈ ఉద్యోగంలో పడ్డాను. ఇంకా ఖాయం కాలేదు.

మూడోవాడు మేస్త్రి. కొన్నవాళ్లకి రంగు ఎలా కలపాలో, ఎలా వేయాలో గోడ మీద వేసి చూపించడం అతని పని. రేపల్లె అవతల సముద్రపు ఒడ్డు మనిషి. వాళ్లవాళ్లంతా వేట మీద బతికేవాళ్లు, ఇతను మాత్రం పడవలకి రంగులు వేస్తూ వేస్తూ గోడలకెక్కాడు. తనకి తెలియని రంగుని దేవుడు ఇంకా పుట్టించలేదని అతని నమ్మకం. ఆ మాట దేవుడి ఎదుట కూడా అనగల నోరు. రోజుకూలీ కింద లెక్క కాబట్టి కంపెనీకి భయపడాల్సిన పని తనకి లేదనేవాడు.

జనం అప్పుడప్పుడే సున్నం వదిలి డిస్టెంపరులోకి దిగుతున్నారు. పొడి ప్యాకెట్లు వచ్చేవి. నీళ్లలో కలిపి గోడకి వేయడమే. కొత్త వరి వంగడాలు వచ్చి కాలవ కింద రైతుల చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్న కాలం అది. రేడియోలొచ్చాయి, సీలింగు ఫ్యాన్లొచ్చాయి, వాటి వెనక గోడ తెల్లగా ఉంటే ఏం బాగుంటుంది? అక్కడ మేం ప్రవేశించేవాళ్లం.

ఏటా దసరా వెళ్లగానే మద్రాసు ఆఫీసులో మీటింగు పెట్టి ఆ ఏటి రంగేమిటో చెప్పేవాళ్లు. దాన్ని ఎంచేది బొంబాయిలో ఒక మేడం. మేమెవ్వరం ఆవిణ్ణి చూడలేదు. చీరలు, కార్లు, బిస్కట్ల డబ్బాలు, విదేశీ పత్రికలు అన్నీ చూసి, రాబోయే ఏడు జనం కన్ను ఏ రంగు మీద పడుతుందో ముందే కనిపెడుతుందని ప్రతీతి. వాన వస్తుందో రాదో చెప్పలేని దేశంలో, ఎవడు ఏ రంగు కోరుకుంటాడో చెప్పే మనిషంటే నాకు భలే గౌరవంగా ఉండేది.

ఆ ఏడు వచ్చిన రంగుకి మూరెడు ఇంగ్లీషు పేరు పెట్టారు. కంపెనీ పంపిన నమూనా కార్డు మీద చూస్తే గులాబీ అనుకుంటే గులాబీ, లేదనుకుంటే లేదు. మేస్త్రి కార్డుని వెలుతురులోకి పట్టుకెళ్లి తిప్పితిప్పి చూసి, ఇది ఉల్లిపొర అన్నాడు. ఆ పేరే ఖాయమైపోయింది. ఈసారి రంగుతోపాటు ఒక హెచ్చరిక కూడా వచ్చింది. ఈ రంగు అమ్మలేని చిన్న డిపోలని మూసేసి బెజవాడలో కలిపేస్తారట. అంటే మేనేజరు గారిని రిటైరయ్యే ముందు భాష తెలియని ఏ ఊరికో పంపుతారు. నన్ను ఇంటికి పంపుతారు, అక్కడ మా నాన్న అక్షింతలతో సిద్ధంగా ఉంటాడు. మేస్త్రినైతే ఎక్కడికీ పంపరు, రేపట్నుంచి రావద్దంటారు, అంతే.

సరే, బయల్దేరాను. బాపట్లలో మా డీలరు కార్డు చూసి, గోడ మీద పూయించుకుని మరీ చూసి, ఇది రంగు వేసినట్టా, వేసింది వెలిసిపోయినట్టా అని అడిగాడు. డబ్బు పెట్టి రంగు వేయించుకున్నవాడు పదిమందికీ అది కనపడాలని కోరుకుంటాడు కదా, దీన్ని వేయించుకున్నవాడు ప్రతివాడికీ నోటితో చెప్పుకోవాలి అన్నాడు. రేపల్లెలో ఇంకా అన్యాయం. మేస్త్రి చుట్టాలు పడవలకి ఎర్ర పెయింటు కొనడానికి వచ్చి నా చేతిలో కార్డు చూసి పొట్టలు పట్టుకున్నారు. ఈ రంగు పడవ ఏసుకుని సముద్రంలోకి పోతే మళ్లీ మావోళ్లకి మేం కనపడం అన్నారు. తెనాలి బజారు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఉల్లిపొర ప్యాకెట్లు షెడ్డులో పైకప్పుదాకా పేర్చి ఉండేవి. మేనేజరు గారు పొద్దున్నే వాటికేసి చూసి, ఒక పట్టు పీల్చి, కుర్చీలో కూర్చునేవారు.

అప్పుడు మాకొక ఆలోచన వచ్చింది. ఎవరికి వచ్చిందో ఇప్పుడు చెప్పలేను. బాగా నడిచినన్నాళ్లు ముగ్గురం నాదంటే నాదన్నాం, బెడిసికొట్టాక ముగ్గురం నీదంటే నీదన్నాం. ఒక పెద్ద రైతు ఇంట్లో ముందు గదికి కంపెనీ ఖర్చుతో ఉల్లిపొర వేసి చూపిస్తే, దాన్ని చూసి మిగతావాళ్లు వేయించుకుంటారని.

రేపల్లె లైన్లో వేమూరు దాటాక ఒక ఊరుంది. ఒకటే పొడుగాటి వీధి, రెండు వైపులా పెంకుటిళ్లు, మేడలు. ఆ వీధి మొదట్లో ఉన్న ఇంటాయన్ని పట్టుకున్నాం. బాగా కలిగినవాడు. ఊరికే వేస్తామంటే ఊరికే వేయించుకునే ఖర్మ నాకేం పట్టలేదు పొమ్మన్నాడు. ఈ ఊళ్లో మొట్టమొదటి డిస్టెంపరు మీ ఇంట్లోనే అన్నాక మాత్రం చుట్ట పక్కన పెట్టి కూర్చోమన్నాడు. ఒక్కరోజులో హాలు నాలుగు గోడలూ ఉల్లిపొర అయిపోయాయి. నిజం చెప్పొద్దూ, చాలా బాగుంది. పొద్దుటి ఎండ వీధి తలుపులోంచి లోపలికి పడితే ఆ గది అంతా పాలు కాచినప్పటి పొంగులాగా ఉంది.

ఆ ఊళ్లో వీధి తలుపు పగలు ఎవరూ వేయరు. పట్టపగలు తలుపు మూశారంటే ఆ ఇంట్లో ఏదో గొడవన్నమాట. అందుకని వీధిలో నడిచిపోయేవాడికి ప్రతి ఇంటి హాలూ, హాల్లో ఎదురుగోడా, గోడ మీది క్యాలెండరూ కనపడతాయి. మాకు అంతకన్నా ఏం కావాలి?

మొదట వచ్చింది ఎదురింటాయన. మొదటి ఇంటాయనకి స్వయానా బావమరిది. గడపలో నిలబడి చాలాసేపు చూశాడు. బాగానే ఉంది గానీ ఏసినట్టు లేదు అన్నాడు. బయటికి వచ్చి మేస్త్రి భుజం మీద చెయ్యేసి తన ఇంటివైపు నడిపించుకుపోయాడు.

"ఇదే రంగు మా ఇంటిక్కూడా వెయ్యి. కాకపోతే బావ కన్నా ఒక పిసరు ముదురుగా."

రంగు ముదరాలంటే కంపెనీ ఇచ్చే చిక్కటి రంగు ముద్ద ఉంటుంది, అది కాస్త కలపాలి. మేస్త్రి కలిపాడు. ఎదురిల్లు రోజా రంగు అయింది. మర్నాడు ఆ పక్కింటాయన కబురు పెట్టాడు. అదే రంగు, ఎదురింటికన్నా ఒక పిసరు ముదురు. ఆ పై ఇల్లు కూడా అంతే. వేరే రంగు వద్దా అంటే అందరూ నన్ను వింతగా చూశారు. నాకు అర్థం కావడానికి కొన్నాళ్లు పట్టింది. ఆ వీధిలో వేరే రంగు వేస్తే ఎడమొహం పెడమొహం పెట్టుకున్నట్టు. అచ్చంగా అదే రంగు వేస్తే వాళ్ల వెనకాల నడిచినట్టు. అదే రంగు ఒక పిసరు ఎక్కువగా వేస్తేనే చుట్టరికమూ ఉంటుంది, పైచెయ్యీ ఉంటుంది. ఇంత చక్కటి నీతి ఏ పుస్తకంలో ఉంది చెప్పండి?

ఇంక మా సంబరం చూడాలి. రోజా దాటి దానిమ్మ గింజ, దానిమ్మ దాటి నేరేడు పండు. మేస్త్రి ఒక ఇంట్లో నిచ్చెన దిగేసరికి ఇంకో ఇంటివాళ్లు నిచ్చెన మోసుకుపోవడానికి సిద్ధంగా ఉండేవాళ్లు. అడుగున వేసేది మా ఉల్లిపొర ప్యాకెట్లే కాబట్టి షెడ్డు ఖాళీ అయిపోతోంది. పక్క ఊళ్లకీ పాకింది. అమృతలూరులో ఒక వీధివాళ్లు మా దగ్గరికే బండి కట్టుకుని వచ్చారు. మేనేజరు గారు ఆనందంతో పొడుం డబ్బా ఎక్కడ పెట్టారో మర్చిపోయి రెండ్రోజులు మామూలు మనిషిలా ఊపిరి పీల్చారు. ఏ వారానికావారం మద్రాసుకి రాసేవారు. ఉల్లిపొర అయిపోయింది, పంపండి. మళ్లీ అయిపోయింది, పంపండి.

మాకు తెలియనిదేమిటంటే, దక్షిణ దేశం మొత్తం మీద ఆ రంగు ఎక్కడా కదల్లేదు. అన్ని డిపోల్లోనూ గుట్టలు పడి ఉంది, ఒక్క తెనాలిలో తప్ప. ఈ సంగతి బొంబాయి మేడం చెవిన పడింది. తన రంగుని అందరూ కాదంటుంటే నెత్తిన పెట్టుకున్న ఆ ఊరేదో స్వయంగా చూడాలని ఆవిడకి అనిపించింది. టెలిగ్రాం వచ్చింది. మేడం బుధవారం మెయిల్లో దిగుతున్నారు. ఉల్లిపొర గోడలు చూపించాలి. తెనాలి డిపోని ఏం చేయాలో ఆవిడ చూసి వచ్చాకే తేలుస్తారు.

మేనేజరు గారు చదివి, కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. టెలిగ్రాం చదివి ఆయన లేచి నిలబడ్డం అదే మొదటిసారి. "బాబూ, మనం అమ్మింది ఎక్కడుంది?" అన్నారు.

అప్పుడు వెలిగింది. అమ్మింది ఉల్లిపొరే. గోడల మీద ఉన్నది రోజా, దానిమ్మ, నేరేడు. ఆవిడ రంగులో ఆవిడకి చూపించగలిగిన గోడ ఈ భూమ్మీద ఒక్కటే ఉంది, మొదటి ఇంటాయన హాలు. ఆ హాలుని కనిపెట్టుకుని ఉండమని మేస్త్రిని ముందురోజే ఆ ఊరు పంపాం. ఎవరినీ గోడకి ఆనుకోనివ్వొద్దు, పిల్లల్ని బంతాడనివ్వొద్దు అని మరీ మరీ చెప్పాం.

బుధవారం మేడం దిగింది. నల్ల కళ్లద్దాలు, ఎత్తు మడమల చెప్పులు ఊహించుకున్నాం. నేత చీర కట్టుకుని, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, మెడలో కళ్లజోడు వేలాడేసుకుని ఒక బక్కపలచని మనిషి, యాభై దాటిన వయసు. తెలుగు రాదు. నేను ఇంగ్లీషులో, ఆవిడ ఇంగ్లీషులో, మేనేజరు గారు చిరునవ్వులో మాట్లాడుకుంటూ అద్దె కారులో బయల్దేరాం. దారిలో వరి కోసిన పొలాల్లో మినుము పచ్చగా ఉంటే కారు ఆపించి దిగి చూసింది. ఈ పచ్చ పేరేమిటని అడిగింది. మినప చేను రంగు అన్నాను. రాసుకుంటుందేమో అనుకున్నాను గానీ, ఊరికే ఇంకాసేపు చూసి వచ్చి కూర్చుంది. ఆ క్షణాన ఆవిడ మీద నాకు ఇష్టం కలిగింది. వెంటనే భయం కూడా పెరిగింది. ఇష్టంలేనివాళ్ల ముందు నవ్వులపాలైతే ఫర్వాలేదు.

వీధి మొదట్లో కారు దిగాం. మొదటి ఇంటి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల నాలుగు గోడలూ నేరేడు పండు రంగులో, ఇంకా తడి ఆరకుండా నిగనిగలాడుతున్నాయి. మధ్యలో నిచ్చెన. నిచ్చెన మీద మా మేస్త్రి.

ఇంటాయన చేతులు జోడించి ఎదురొచ్చాడు. ఆయన బాధ ఆయనది. వీధికంతటికీ రంగు నేర్పిన తన ఇల్లే ఇప్పుడు అందరికన్నా వెలవెలబోతోంది. పైగా పెళ్లాం రోజూ గడపలో నిలబడి, మా తమ్ముడి ఇల్లు చూడండి ఎలా వెలిగిపోతోందో అంటోంది. ఎన్నాళ్లని ఓర్చుకుంటాడు? బొంబాయి నుంచి పెద్ద మనుషులు వస్తున్నారంటే, ఆ వేళకైనా తన ఇల్లు వీధిలోకల్లా గొప్పగా ఉండాలనుకున్నాడు. మమ్మల్ని గౌరవించడానికే వేయించానన్నాడు మహానుభావుడు.

నేను మేస్త్రి మొహం చూశాను. దిగొచ్చి నా చెవిలో చెప్పాడు. "పొద్దున్నే పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టాడండి. నెయ్యేశాక అడిగాడు. ముద్ద నోట్లో ఉండగా కాదని ఎట్టా అంటానండి?"

అనలేడు. నేనూ అనలేను. కృష్ణా కాలవ నీళ్లు తాగినవాడెవడూ అనలేడు. ఈ మాట మాత్రం ఇంగ్లీషులోకి ఎలా తిప్పాలో నాకు తెలియలేదు.

మేడం గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. సంచిలోంచి చిన్న కార్డు తీసి గోడ పక్కన పట్టుకుంది. బయటికి వచ్చి ఎదురింట్లోకి వెళ్లి పట్టుకుంది. పక్కింట్లో, ఆ పక్కింట్లో. వెనకాల మేం, మా వెనకాల ఊరు. చివరికి ఒక అరుగు మీద కూర్చుని, ఇందులో నా రంగు ఏది అని నన్ను అడిగింది. మేనేజరు గారు ఆకాశంలోకి చూస్తున్నారు. ఇంక దాచి ఏం లాభం? ఉన్నదున్నట్టు చెప్పేశాను. బావా బావమరుదుల సంగతి, ఒక పిసరు సంగతి, నెయ్యి సంగతి కూడా.

ఆవిడ తలదించుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని మేనేజరు గారు కంగారుగా తన జేబురుమాలు తీసి ఇచ్చారు. ఆ రుమాలు ఆయన పొడుం రుమాలు. ఆవిడ మొహానికి అద్దుకుందో లేదో తుమ్ములు మొదలు. తుమ్మినప్పుడల్లా వీధంతా ఒక్క గొంతుతో 'చిరంజీవ' అంటోంది. తుమ్ముకీ తుమ్ముకీ మధ్య చూస్తే ఆవిడ నవ్వుతోంది. కళ్లవెంట నీళ్లు కారేలా నవ్వుతోంది. ఏళ్ల తరబడి జనం రంగుని ఎలా ఎంచుకుంటారో తెలుసుకోవడమే తన ఉద్యోగమట. ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదట.

అయితే నవ్వు నవ్వే, పని పనే. తుడుచుకుని, మద్రాసులో నేను ఏం చెప్పను అంది. నా రంగు వేసిన గోడ ఒక్కటి కూడా లేదే అంది. మూడు ఉద్యోగాలూ ఆ అరుగు మీద నుంచి జారి కాలవలో పడినట్టే అనిపించింది.

ఆ అరుగు ఒక మామ్మగారిది. వీధిలో ఆఖరిల్లు. భర్త పోయి చాలా కాలమైంది, రెండు గేదెలు, కొంచెం పొలం, ఊరందరూ భయపడే నాలుక. ఆవిడ హాలు ఒక్కటే ఇంకా సున్నంతో తెల్లగా ఉంది. ఇంతసేపూ ద్వారబంధానికి ఆనుకుని తమాషా చూస్తోంది. ముందుకొచ్చి మేడం చేతిలో కార్డు తీసుకుని, ఇదేంటని నన్ను అడిగింది. ఈ ఏటి రంగు మామ్మగారూ, బొంబాయిలో అందరూ ఇదే అన్నాను. మన వీధిలో ఎవరింట్లో ఉందంది. ఎవరింట్లోనూ లేదన్నాను.

"అయితే నాకది వెయ్యండి. ఈళ్లు ఒకళ్లని చూసి ఒకళ్లు అంతకంతకీ నల్లబడి పోతన్నారు. నేను ఆఖర్న ఉన్నా. ఈళ్లకన్నా ఒక పిసరు ఎక్కువెయ్యాలంటే ఇంక మా గోడకి కుండమసి పూసుకోవాలి."

నేను తిప్పి చెబుతుంటే మేడం లేచి నిలబడింది. అయితే ఇక్కడో చిక్కు. ఉల్లిపొర ప్యాకెట్టు ఒక్కటి కూడా లేదు. ఇక్కడా లేదు, తెనాలి షెడ్డులోనూ లేదు. ఉన్నదల్లా మొదటి ఇంటాయన గోడల కోసం కలిపిన నేరేడు రంగు అడుగూబొడుగూ, మామ్మగారి పెరట్లో నానబెట్టిన సున్నం తొట్టి. మేస్త్రి, మేడం ఇద్దరూ ఒకేసారి ఆ తొట్టివైపు చూశారు.

ఆ పెరట్లో జరిగింది మీరు చూడవలసింది. మేడం కొంగు బిగించి, మోచేతిదాకా సున్నంలో చెయ్యి పెట్టింది. చిటికెడు నేరేడు, ఇంకో చిటికెడు. మేస్త్రి చాలు చాలంటాడు తెలుగులో. ఆవిడ చాలదంటుంది ఇంగ్లీషులో. తడిమీద ఒకలా ఉంటుంది, ఆరితే ఒకలా ఉంటుంది. సున్నం ఆరితే ఎంత తేలుతుందో అతనికి తెలుసు, రంగు ఎంత నిలుస్తుందో ఆవిడకి తెలుసు, ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు. నేను మధ్యలో తిప్పి చెప్పబోతే ఇద్దరూ నన్నే కసిరారు. పూయడం, విసనకర్రతో విసిరి ఆరబెట్టడం, కార్డు పెట్టి చూడటం, మళ్లీ కలపడం. విసనకర్ర మేనేజరు గారికి ఇచ్చారు. ఊరుఊరంతా పెరటి గోడెక్కి కూర్చుంది. ఎక్కువైందని ఒకరు, తక్కువైందని ఒకరు, పందేలు కూడా వేసుకున్నారు. చివరికి ఒక మరక ఆరాక మేడం కార్డుని దాని మీద ఆనించింది. కార్డు ఎక్కడుందో కనపడలేదు. మేస్త్రి ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఇద్దరూ భుజాలదాకా సున్నమే. పని అంటే ఇంత సరదాగా ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు.

పొద్దు వాలకముందే మామ్మగారి హాలు ఉల్లిపొర అయింది. మామ్మగారు మేడం చేతులకి కొబ్బరినూనె రాసి, ముందు అన్నం తినమంది. ఆవిడ తింది. నెయ్యి వేసే వేళకి మేస్త్రి నావైపు చూసి కన్ను గీటాడు.

తెనాలి స్టేషన్లో రైలెక్కే ముందు మేడం మేనేజరు గారితో మాట్లాడింది, నేను తిప్పి చెప్పాను. డిపో ఉంచమని ఇప్పుడే చెప్పలేను, అబద్ధమవుతుంది. మూసెయ్యమనీ చెప్పను. ముదురు ఎంతదాకా పోయిందో చూశాం కదా, ఇంక అటు దారి లేదు. ఇక వెనక్కి తిరగాలి. ఆ ఊరి నుంచి ఒక్క మనిషి తనంతట తాను వచ్చి లేత రంగు అడిగితే డిపో ఉంటుంది. ఉగాది దాకా చూస్తాను. మీరు అడిగించకూడదు. ఇవీ ఆవిడ మాటలు.

అడిగించకూడదు అన్నదే మమ్మల్ని చంపింది. మేస్త్రి ఏదో ఒక వంకన రోజూ ఆ ఊరు పోయి వచ్చేవాడు. మామ్మగారింట్లో చల్లగా ఉందని మధ్యాహ్నాలు ఆడవాళ్లంతా అక్కడే చేరి అష్టాచెమ్మా ఆడుతున్నారట. మొదటి ఇంటాయన భార్య కూడా అక్కడే ఉంటోందట, తమ హాల్లో పట్టపగలు లైటు వేస్తేగానీ బియ్యంలో రాళ్లు కనపడటం లేదట. మామ్మగారి ఇల్లు పెద్దదైనట్టుందని అనుకుంటున్నారట. ఇంకేం, వస్తారు అనుకునేవాళ్లం. ఎవరూ రాలేదు. చూసిపోతున్నారు, నోరు మెదపడం లేదు. ముదురు వేసినవాడు లేత అడగాలంటే ఎంత చిన్నతనం. ఉగాది దగ్గరికొచ్చేసింది. మేనేజరు గారు గోడ మీది దేవుడి పటాలు దించి గుడ్డలో చుట్టి పెట్టుకున్నారు. నేను పేపర్లో ఖాళీల ప్రకటనలు చూడటం మొదలుపెట్టాను. మేస్త్రి మాత్రం, నాకేంటండీ, పడవలున్నాయి అంటూనే డిపో ముందు గదికి ఎవరూ చెప్పకుండానే కొత్తగా సున్నం కొట్టాడు.

పండగ రేపనగా మొదటి ఇంటాయన మా డిపో మెట్లెక్కాడు.

ముగ్గురం లేచాం. కూర్చోబెట్టాం. మంచినీళ్లిచ్చాం. ఆయన తాగి, మోటారు రిపేరుకి తెనాలి వచ్చానన్నాడు. మినుము బాగా కాసిందన్నాడు. కాలవ కట్టేస్తారంటున్నారు, నిజమేనా అన్నాడు. ఎండలు అప్పుడే ముదిరాయన్నాడు. బొంబాయావిడ క్షేమంగా చేరిందా అని అడిగాడు. రంగు మాట ఎత్తలేదు. మేం ఎత్తకూడదు. మేనేజరు గారు పొడుం డబ్బా మూత తీస్తున్నారు, పెడుతున్నారు. మేస్త్రి పెదవులు కదులుతుంటే నేను కాలు తొక్కాను. ఆయన లేచాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. వస్తానన్నాడు. మెట్లు దిగాడు. నా గుండె కూడా ఆయనతోపాటు ఒక్కో మెట్టూ దిగింది.

ఆఖరి మెట్టు మీద ఆగి, మావైపు తిరక్కుండా, బజారువైపు చూస్తూ అన్నాడు.

"మా ఇంటికి మామ్మగారి రంగే పంపించండి. అదే రంగు. కాకపోతే ఆవిడకన్నా ఒక పిసరు లేతగా."

నేను ఏం చేశానో నాకు తెలియదు. మెట్లన్నీ ఒక్క దూకులో దిగి ఆయన కాళ్ల మీద పడ్డాను. పెద్దవాడు కదా, ఉగాదికి ముందుగానే దణ్ణం పెడుతున్నాననుకున్నాడు. నా నెత్తిన చెయ్యిపెట్టి, ఉన్న ఊళ్లోనే చల్లగా ఉండు బాబూ అని దీవించి బస్సుకి వెళ్లిపోయాడు.

ఉన్నాను. ఆ డిపోలోనే, రిటైరయ్యేదాకా.